ఇండియా ల్యాండ్‌లైన్లకు ‘అపరిమిత కాల్స్’ అని అమ్మే ఇంటర్నెట్ ఫోన్ అడాప్టర్లతో జాగ్రత్త

అమెరికాలో ఉంటూ, ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళ ల్యాండ్‌లైన్‌తో మాట్లాడుకోవడానికి ఇంటర్నెట్ ఫోన్ అడాప్టర్ (మామూలు ఫోన్‌ను ఇంటర్నెట్‌కు కలిపే చిన్న పెట్టె) కొనాలనుకుంటున్న వారందరూ డబ్బు కట్టేముందు ఇది చదవాలని కోరుతున్నాను. మా అమ్మగారు తెనాలిలో ఉంటారు. ఆవిడకు వినికిడి తగ్గింది, స్మార్ట్‌ఫోన్ అలవాటు కాలేదు, ల్యాండ్‌లైన్ రిసీవరు చెవికి ఆనించుకుంటేనే మాట సరిగా తెలుస్తుంది. అందుకని న్యూజెర్సీలోని మా ఇంటికి ఒక సంస్థ అమ్మే అడాప్టరును, దానితో పాటు ఏడాది చందా ముందే చెల్లించే ‘అపరిమిత ఇండియా’ పథకాన్ని తీసుకున్నాను.

మొదటి వారం నుంచే ఇబ్బంది మొదలైంది. అక్కడ ఫోన్ మోగేది, అమ్మగారు ఎత్తేవారు, ‘హలో, ఎవరండీ’ అని ఆవిడ అడగడం నాకు స్పష్టంగా వినిపించేది, కానీ నేనెంత గట్టిగా పిలిచినా ఒక్క మాట కూడా ఆవిడకు చేరేది కాదు. నాలుగైదుసార్లు హలో అని, విసుగొచ్చి పెట్టేసేవారు. మరికొన్నిసార్లు రెండువైపులా చక్కగా వినిపించి, అర నిమిషం గడిచేసరికి కాల్ దానంతటదే తెగిపోయేది.

ఈ రెండు లక్షణాలకూ కారణాలు ఎక్కడ ఉండవచ్చో తెలిస్తే అమ్మినవారు చెప్పే మాటలను బేరీజు వేసుకోవచ్చు. ఇంటర్నెట్ ఫోన్‌లో కాల్‌ను కలిపే సంకేతాలు ఒక దారిన, మాట మరో దారిన ప్రయాణిస్తాయి కనుక, ఫోన్ మోగినంత మాత్రాన మాట కూడా చేరుతుందన్న భరోసా లేదు. అవతల ఫోన్ ఎత్తారన్న కబురుకు ‘అందింది’ అనే జవాబు తిరిగి వెళ్ళకపోతే, ఇంటర్నెట్ కాల్స్‌ను కలిపే నియమావళి అయిన సిప్ ప్రమాణం ప్రకారం అవతలి యంత్రం 32 సెకన్లు ఎదురుచూసి కాల్‌ను ముగిస్తుంది. అర నిమిషానికి తెగిపోవడం వెనుక చాలాసార్లు ఉండే కారణం ఇదే. ఇంట్లో రూటరు కూడా ఇలా చేయగలదన్నది నిజమే. రూటరులో ఈ కాల్ సంకేతాలను మధ్యలో మార్చే ‘సిప్ ఏఎల్‌జీ’ అనే సదుపాయం ఆన్‌లో ఉన్నా, ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన మోడెమ్ వెనుక మన సొంత రూటరు మరొకటి ఉన్నా, మాట వెళ్ళే దారి మూసుకుపోవచ్చు. రూటరుకు బయటి నుంచి వచ్చిన ఐపీ చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే, ఒకే చిరునామాను ఇంటర్నెట్ సంస్థ చాలా ఇళ్ళకు పంచుతోందని అర్థం. అక్కడా ఇలాంటి చిక్కే రావచ్చు.

కస్టమర్ సర్వీసు వారు చెప్పినవన్నీ చేశాను. రూటరు రీస్టార్ట్ చేశాను, ఏఎల్‌జీ తీసేశాను, అడాప్టరును నేరుగా మోడెమ్‌కే తగిలించాను. ప్రతిసారీ ‘రెండు మూడు రోజులు చూసి చెప్పండి’ అన్నారు. ప్రతిసారీ కొత్త వ్యక్తి ఫోన్ ఎత్తి మళ్ళీ రీస్టార్ట్ దగ్గర నుంచే మొదలుపెట్టారు. ఈలోగా 30 రోజుల వాపసు గడువు దాటిపోయింది. ఆ తరువాత అదే సంస్థ, లోపం మీ ఇంటర్నెట్‌లో ఉంది కనుక డబ్బు వెనక్కి ఇవ్వలేమని రాసి పంపింది. నేను మిమ్మల్ని హెచ్చరించదలచుకున్నది ముఖ్యంగా ఈ విషయం గురించే.

లోపం మా ఇంట్లో లేదని చెప్పడానికి నా దగ్గర గట్టి ఆధారాలున్నాయి. అదే అడాప్టరు నుంచి అమెరికాలోని ల్యాండ్‌లైన్లకు చేసిన కాల్స్ అన్నీ రెండువైపులా స్పష్టంగా, ఎంతసేపైనా తెగకుండా నడిచాయి. తెనాలి వైపు చూద్దామంటే, మా బాబాయి తన సెల్ నుంచి అమ్మగారి ల్యాండ్‌లైన్‌కు చేసినప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. ఇక మిగిలింది మధ్యలో ఆ సంస్థ ఎంచుకున్న దారి ఒక్కటే. అమ్మగారి ఫోన్ తెరమీద నా కాల్‌కు రోజుకొక భారతీయ సెల్ నంబరు కనిపించేదని బాబాయి చూసి చెప్పారు. విదేశం నుంచి లైసెన్సున్న మార్గంలో వచ్చే కాల్ అలా రోజుకొక స్థానిక నంబరు వేసుకుని రాదు. చవకగా కాల్స్ అందించడానికి కొందరు వాటిని ఇంటర్నెట్ మీద దేశంలోకి తెచ్చి, చాలా సిమ్ కార్డులు పెట్టిన సిమ్ బాక్సులనే యంత్రాల ద్వారా స్థానిక కాల్స్‌గా మార్చి పంపుతుంటారు. భారతదేశంలో అది చట్టవిరుద్ధం. పైగా విదేశం నుంచి వస్తూ దొంగగా +91 నంబరు వేసుకొచ్చే కాల్స్‌ను అడ్డుకునే వ్యవస్థను టెలికాం శాఖ 2024 అక్టోబరులో ప్రారంభించింది కనుక, అడ్డదారిని నమ్ముకున్న పథకం ఈరోజు పనిచేసినా రేపు పనిచేస్తుందని చెప్పలేము.

కాల్ వివరాల పట్టికను కూడా తప్పక చూడండి. అమ్మగారు ఇంట్లో లేనప్పుడు, ఎవరూ ఎత్తని కాల్స్ కూడా నా లెక్కలో ‘కలిసినవి’గా నిమిషాలతో సహా నమోదయ్యాయి. ‘అపరిమితం’ అన్న మాటకు నిబంధనల పుటలో నెలకు ఇన్ని నిమిషాలేనన్న పరిమితి ఉంది కనుక, ఆ దొంగ నిమిషాలు కూడా అందులోంచే తరిగాయి.

అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న, అడాప్టరు లాక్ చేసినదా కాదా అన్నది. లాక్ చేసిన పెట్టె ఆ సంస్థ సర్వీసుకు తప్ప మరి దేనికీ పనికిరాదు. లాక్ లేని పెట్టె అయితే, అదే పెట్టెలో మరో సంస్థ ఖాతా వివరాలు పెట్టి, అదే రూటరు మీద, అదే తెనాలి నంబరుకు చేసి చూడవచ్చు. అది బాగా పనిచేస్తే లోపం ఎవరిదో అక్కడికక్కడే తేలిపోతుంది. నేను చివరకు లాక్ లేని పెట్టె విడిగా కొని, నిమిషానికి ఇంత అని వసూలు చేసే వేరే సర్వీసు పెట్టుకున్నాను. మా రూటరులో ఏమీ మార్చలేదు. అమ్మగారికి నా మాట మొదటి కాల్ నుంచే వినిపిస్తోంది.

వాపసు గడువు ముగియకముందే ఈ పరీక్షలన్నీ ముగించండి. డయల్ చేసేటప్పుడు 011, 91 తరువాత ఎస్టీడీ కోడులోని మొదటి సున్నా వదిలేయాలి. తెనాలికైతే 8644, ఆపైన ఇంటి నంబరు. సున్నా పెట్టి చేసి, కలవలేదని ఫిర్యాదు చేస్తే వారికి మరో సాకు దొరుకుతుంది. ఫిర్యాదులు ఫోన్‌లో కాక ఈమెయిల్‌లోనే పెట్టండి. రద్దు చేశాక కూడా కార్డు మీద చందా వసూలు చేస్తే, ఆ మొత్తం కనిపించిన మొదటి స్టేట్‌మెంటు వచ్చిన 60 రోజుల్లోగా క్రెడిట్ కార్డు సంస్థకు రాతపూర్వకంగా అభ్యంతరం తెలపాలి.

ఈ పెట్టెనే ఇండియాకు పంపి అమ్మానాన్నల ఇంట్లో పెట్టాలనుకునేవారికి మరో రెండు మాటలు. పవర్ అడాప్టరు మీద 100–240 వోల్టులు అని లేకుండా 120 అని మాత్రమే ఉంటే, మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే కాలిపోతుంది. గోడకున్న పాత టెలిఫోన్ సాకెట్‌లో ఇంకా లైను ఉంటే, ఈ పెట్టెలోని ఫోన్ పోర్టును దానికి కలపకూడదు. ఎక్స్ఛేంజి నుంచి వచ్చే 48 వోల్టులకు పోర్టు పాడైపోవచ్చు. అక్కడి నుంచి 911 నొక్కితే ఆ కాల్ ఖాతాలో నమోదైన అమెరికా చిరునామాకు సంబంధించిన కేంద్రానికే వెళ్తుంది కనుక, అత్యవసరానికి ఈ ఫోన్ కాకుండా మామూలు ఫోన్ నుంచి 112కే చేయాలని పెద్దవాళ్ళకు ముందే చెప్పి, ఫోన్ పక్కన పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.