మత్సుబారా పద్ధతా, కెల్డిష్ పద్ధతా: ముందు ఏది?

శ్రీకాకుళం, విజయనగరాల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి పరిశోధన వైపు చూసేవారికి ఈ సందేహం తప్పదు. పరిమిత ఉష్ణోగ్రత (పరమ శూన్యానికి పైన) వద్ద గ్రీన్ ఫంక్షన్లకు, అంటే ఒక చోట కదిలించిన కణవ్యవస్థ మరో చోట, మరో క్షణంలో ఎలా స్పందిస్తుందో చెప్పే ఫంక్షన్లకు, 1955 నాటి మత్సుబారా దారి ఒకటి, 1964 నాటి కెల్డిష్ దారి మరొకటి.

కాలం: మత్సుబారాలో కల్పిత కాలం (కాలాన్ని కల్పిత సంఖ్యగా తీసుకోవడం). కెల్డిష్‌లో ముందుకు వెళ్లి వెనక్కి తిరిగే నిజ కాలం.

ఖర్చు: రెండింటికీ కాగితం, కలమే.

శ్రమ: మత్సుబారాలో ఒకే ఫంక్షన్, విడివిడి పౌనఃపున్యాలు: ఫెర్మియాన్లకు (ఎలక్ట్రాన్ల వంటి కణాలు) π రెట్ల ఉష్ణోగ్రతకు బేసి గుణిజాలు, బోసాన్లకు (ఫోటాన్ల వంటి కణాలు) సరి గుణిజాలు. కెల్డిష్‌లో ఫైన్‌మన్ చిత్రాల్లోని (లెక్కలోని పదాలను గీతలతో చూపే బొమ్మలు) ప్రతి గీతా రెండు వరసల మాత్రికే. చిన్న లెక్కకూ పేజీలు నిండుతాయి.

ప్రమాదం: మత్సుబారాలో అసలు గండం చివరనే ఉంది. లోపలి పౌనఃపున్యాలన్నిటినీ కూడాక బయటి బోసాన్ పౌనఃపున్యం ఫెర్మీ ఫంక్షన్ (ఏ శక్తి స్థాయి ఎంత నిండిందో చెప్పేది) లోపల కనిపిస్తుంది. అక్కడ దాని ఘాతీయ పదం (ఎక్స్‌పొనెన్షియల్) విలువ 1 కాబట్టి ముందు దాన్ని తొలగించాలి, ఆ తర్వాతే నిజ పౌనఃపున్యానికి మారాలి. వరస తప్పితే జవాబే తప్పు. ఫలితం సూత్రంగా కాక కంప్యూటర్ అంకెలుగా ఉంటే ఇంకా కష్టం: అంకెల్లోని చిన్న దోషం కూడా వర్ణపటంలో లేని శిఖరాలను లేపుతుంది. కెల్డిష్‌కు ఈ బెడద లేదు.

సమతాస్థితిలోని లోహం, అతివాహకత సంధి ఉష్ణోగ్రత, బలహీన క్షేత్రానికి వాహకత మీ సమస్యలైతే మత్సుబారాయే సరి. క్వాంటం చుక్క (ఎలక్ట్రాన్లను బంధించే అతిచిన్న అర్ధవాహక ముక్క) గుండా వోల్టేజితో విద్యుత్తు పారుతున్నా, లేజర్ పల్స్ పదార్థాన్ని కదిలించినా కెల్డిష్ తప్పదు. ఏ సమస్య చేపట్టాలో ఇంకా తేలనివారు మత్సుబారాతో మొదలుపెట్టండి. అక్కడ నేర్చిన ఫైన్‌మన్ చిత్రాలు కెల్డిష్‌లోనూ అదే రూపంలో పనికొస్తాయి.