జామ్ సీసాను బోర్లించాలా, నీళ్లలో మరిగించాలా, ఫ్రీజర్లో దాచాలా?

పండ్లన్నీ ఒక్కసారే మాగినప్పుడు జామ్ వండటం పెద్ద పనేమీ కాదు. వండినదాన్ని నెలల తరబడి ఎలా నిలబెట్టాలన్న దగ్గరే అందరూ తడబడతారు. వేడి జామ్ నింపి, మూత బిగించి, సీసాను కాసేపు బోర్లించేవాళ్లు కొందరు. మూత పెట్టిన సీసాలను మరిగే నీళ్లలో ముంచి ఉంచేవాళ్లు కొందరు. నేరుగా ఫ్రీజర్లో పెట్టేసేవాళ్లు ఇంకొందరు. నేను మూడు రకాలుగానూ చేశాను. బోర్లించడం మాత్రం పూర్తిగా మానేశాను.

అది చూడటానికి ఎంతో సులువు. అదనంగా గిన్నె అక్కర్లేదు, ఐదు నిమిషాల్లో తెమిలిపోతుంది, చల్లారాక మూత బిగుసుకున్నట్టే ఉంటుంది. కానీ లోపల చిక్కుకున్న గాలి బయటికి పోదు, అందుకే ఆ బిగువు నిలవదు. అంచుకూ మూతకూ మధ్య జామ్ చేరితే అదీ సడలుతుంది. ఒకసారి అలా దాచిన ఆరు సీసాల్లో రెండింటిని మూడు నెలల తర్వాత తెరిచాను. జామ్ మీద నాణెమంత తెల్లటి బూజు, దాని నడుమ పచ్చటి చుక్క. పైపొర తీసేసి మిగతాది తినవచ్చని చాలామంది అంటారు. దయచేసి ఆ మాట వినకండి. కొన్ని బూజులు విషాన్ని వదులుతాయి, అది కంటికి కనిపించే పొర దగ్గరే ఆగుతుందని చెప్పలేం. రెండు సీసాలూ పారేశాను. గంటల తరబడి పండ్లు ఒలిచి, గరిటె తిప్పిన చేతులకు అది చిన్న నష్టం కాదు. జామ్ మీద కరిగిన మైనం పోసే పాత అలవాటుకూ ఇదే గతి: మైనం పగిలినా, అంచు దగ్గర వీడినా బూజు లోపలికి దిగుతుంది.

అల్మరాలో ఏడాది పాటు ఉంచాలంటే మరిగే నీళ్లే శరణ్యం. గాజు సీసాల్లో ఆహారం నింపి, బిరడా బిగించి, నీళ్లలో మరిగిస్తే చెడిపోదని ఫ్రాన్సుకు చెందిన నికొలా అపేర్ 1810లోనే పుస్తకం రాసి చెప్పాడు. ఎందుకు చెడిపోదో అప్పటికి ఎవరికీ తెలియదు. మరిగేటప్పుడు సీసాలోని గాలి మూత సందులోంచి తప్పుకుంటుంది, చల్లారేటప్పుడు మూత లోపలికి లాక్కుంటుంది. బూజు, ఈస్టు ఆ వేడికి చస్తాయి.

ఇక్కడ చిన్న పనులే ఫలితాన్ని తేలుస్తాయి. జామ్ వేడిగా ఉండగానే నింపి, పైన ఆరు మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. అంచును శుభ్రమైన తడిగుడ్డతో తుడవాలి. అక్కడ ఒక్క గింజ అంటుకున్నా మూత పట్టదు. మూతల మీద రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున నీళ్లుండాలి. నీళ్లు తెర్లడం మొదలయ్యాక పది నిమిషాలు లెక్కపెట్టాలి. సముద్రమట్టానికి 300 మీటర్లకు మించిన ఎత్తులో నీరు తక్కువ వేడికే మరుగుతుంది కనుక మరో ఐదు నిమిషాలు, 1,800 మీటర్లు దాటితే ఇంకో ఐదు కలపాలి. బయటికి తీసి గుడ్డ మీద వరుసగా పెట్టాక, ఒక్కో మూత 'టప్' మంటూ నడుమ లోపలికి కుంగుతుంది. వంటగదిలో నాకు అంతకన్నా ఇష్టమైన చప్పుడు లేదు.

ఈ పద్ధతికి ఒక షరతుంది: పండులో పులుపు ఉండాలి. పులుపును చూపే పీహెచ్ అంకె (పులుపు తగ్గేకొద్దీ ఇది పెరుగుతుంది) 4.6 కన్నా ఎక్కువైతే, బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషాన్ని తెచ్చే బ్యాక్టీరియా మొలకెత్తగలదు, దాని బీజాలు మరిగే నీటికి చావవు. అంజూర, అరటి పండ్లలో పులుపు చాలదు, బాగా మాగిన మామిడినీ నమ్మలేం. కొలత ప్రకారం నిమ్మరసం కలపాల్సిందే. అంత నిమ్మరసం ఎందుకని దయచేసి తగ్గించకండి.

రుచిలో మాత్రం ఫ్రీజర్‌దే పైచేయి. 105 డిగ్రీల దాకా ఉడికిన స్ట్రాబెర్రీకీ, పచ్చిగానే నలిపి చక్కెర, జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ పొడి కలిపి ఫ్రీజర్లో దాచిన స్ట్రాబెర్రీకీ పోలికే లేదు. రెండోదాని మూత తీయగానే తాజా పండు వాసన వస్తుంది, రంగూ ఎర్రగానే ఉంటుంది. కాకపోతే అది జారుగా ఉంటుంది, ఫ్రీజర్లో చోటు తింటుంది, కరెంటు ఎక్కువసేపు పోతే మొత్తానికే ముప్పు. మెడ సన్నగా ఉన్న గాజు సీసాలు గడ్డకట్టేటప్పుడు పగులుతాయి, అందుకే నిటారు గోడల డబ్బాలు వాడి, పైన కొంత ఖాళీ ఉంచాలి. ఏడాది లోపు వాడాలి, ఫ్రిజ్‌లోకి మార్చాక మూడు వారాల్లో ముగించాలి.

కాబట్టి రెండు మూడు డబ్బాలకు సరిపడే సున్నితమైన పండ్లయితే ఫ్రీజర్‌నే ఎంచుకుంటాను. బుట్టెడు పండ్లుండి, నలుగురికీ పంచాలనుకుంటే మరిగే నీళ్లే. మర్నాడు ప్రతి మూతనూ మధ్యలో వేలితో నొక్కి చూడండి. లోపలికి కదిలి మళ్లీ పైకి లేస్తే ఆ సీసా పట్టలేదన్నమాట. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, ముందు దాన్నే తినేయండి.