నీటి బుగ్గకు వెల కట్టాలంటే ఏ లెక్క మేలు?

మహానంది కోనేట్లో గుండుసూది వేసినా అడుగున కనబడుతుందంటారు. నేను చూసింది రూపాయి బిళ్ల. ఛాతీ లోతు నీళ్ల కింద, రాతి మీద, బొమ్మా బొరుసూ తేడా తెలిసేంత తేటగా ఉంది. ఊటగా ఉబికే ఆ నీళ్లు గుడి దాటి కాలువల్లో పారి చుట్టుపక్కల అరటి తోటల్లోకి, వరి మళ్లలోకి పోతాయి. అనంతపురం జిల్లా నుంచి పోయినవాణ్ని, అన్ని నీళ్లు అలా పారుతూ ఉంటే చూస్తూ మెట్ల మీదే చాలాసేపు కూర్చుండిపోయాను.

భూమి లోపలి వేడితో కరెంటు తీసే పద్ధతి గురించి చదువుతున్నప్పుడల్లా నాకు ఆ కోనేరే గుర్తొస్తుంది. జియోథర్మల్ అంటే లోతుగా బోర్లు వేసి, అడుగునున్న వేడి నీళ్లనో ఆవిరినో పైకి తెచ్చి టర్బైన్ తిప్పడం. తెలుగు నేల మీద మణుగూరు దగ్గర సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. మా సీమలో కరెంటంటే ముద్దనూరు దగ్గరి బొగ్గు, కర్నూలు సోలార్ పార్కు, రామగిరి గుట్టల మీది గాలిమరలు. అయినా భూమి వేడి తీస్తే ప్రకృతికి జరిగే మేలుకీడులకు వెల ఎలా కట్టాలన్న ఈ చర్చ మాకు దూరం కాదు. బోరు వేస్తే పక్కవాడి బావి ఏమవుతుందో మాకంటే బాగా ఎవరికి తెలుసు?

ప్రకృతికి ధరేమిటి అని చాలామంది అంటారు. మొదట్లో నేనూ అదే అనుకున్నాను. కానీ వెల రాయని గడిని ఆఫీసులో సున్నాగానే చదువుతారు. ప్రాజెక్టు ఖర్చు కోట్లలో, యూనిట్ ధర పైసలతో సహా కాగితం మీద ఉంటుంది. ఎండిపోబోయే ఊట మాత్రం 'స్వల్ప ప్రభావం' అన్న రెండు మాటల్లో కొట్టుకుపోతుంది. కాబట్టి వెల కట్టాల్సిందే. ఏ పద్ధతిలో కట్టాలన్నదే తగువు.

గాలి సంగతి కాస్త తేలిక. ఒక యూనిట్ కరెంటుకు బొగ్గు సుమారు 820 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కు కారణమైతే, జియోథర్మల్ 38 గ్రాములకు కారణమవుతుందని వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి బృందమైన ఐపీసీసీ 2014 నాటి నివేదిక మధ్యస్థ అంచనా. ఒక మెగావాట్ ప్లాంటు ఏడాదిలో తొంభై శాతం కాలం నడిస్తే దాదాపు 79 లక్షల యూనిట్లు వస్తాయి. ఆ మేరకు బొగ్గు మానితే 6,100 టన్నులకు పైగా తగ్గుతుంది. టన్ను కార్బన్ డయాక్సైడ్ చేసే నష్టానికి అమెరికా ప్రభుత్వం 2021లో కట్టిన 51 డాలర్ల వెల వేస్తే, ఏటా మేలు 3 లక్షల 10 వేల డాలర్లకు పైనే. అదే దేశపు పర్యావరణ సంస్థ 2023లో ఖరారు చేసిన 190 డాలర్లు వేస్తే దాదాపు 11 లక్షల 70 వేలు. పొగలో మార్పు లేదు, లెక్క మాత్రం మూడింతలు దాటింది. అందుకే ఏ ధర వాడారో పైనే రాయాలి, పోల్చే ప్రతిదానికీ అదే ధర వాడాలి.

ఇంకో మాట. సగటును నమ్ముకుని కూర్చోకూడదు. టర్కీలోని మెండెరెస్ లోయలో అడుగునంతా సున్నపురాయి జాతి బండలే. వేడి నీళ్లతో పాటు గ్యాసు కూడా విపరీతంగా పైకొచ్చి, అక్కడి కొన్ని ప్లాంట్లు బొగ్గుతో పోటీ పడేంత కార్బన్ వదిలాయి. అదే సున్నపురాయి జాతి కడప బండలు పరిచిన ఇళ్లలో పెరిగిన మనం ఇది తేలిగ్గానే అర్థం చేసుకుంటాం. కింద రాయి ఏదో చూడకుండా పైన ధర చెప్పలేం.

అసలు చిక్కు నీళ్లతో. న్యూజిలాండ్‌లో వైరాకీ ప్లాంటు 1958లో మొదలైంది. లోపలి వేడి నీళ్లు తోడేకొద్దీ పక్కనున్న గీజర్ల లోయ, అంటే వేడి నీళ్లు పైకి ఎగజిమ్మే ఊటల లోయ, చల్లారిపోయింది, ఆ ఊటలు ఆగిపోయాయి. ఒకచోట నేల దాదాపు 15 మీటర్లు కుంగింది. అదే దేశంలోని రోటొరువాలో ఇళ్లకూ హోటళ్లకూ వేసుకున్న బోర్ల వల్ల ఊటలు నీరసిస్తుంటే, 1980ల చివర్లో పొహుటు గీజర్ చుట్టూ 1.5 కిలోమీటర్ల దూరంలోపున్న బోర్లను ప్రభుత్వం మూయించింది. నీటిమట్టం మళ్లీ లేచింది. చల్లారిన ఆ లోయకు ఎంత వెల కట్టాలి?

ఒక పద్ధతి, పోయినదాన్ని వేరే దారిలో తెచ్చుకోవడానికయ్యే ఖర్చు. ఊట పోతే పైపులైన్ వేయాలి, మోటారు పెట్టాలి, దానికి కరెంటు బిల్లు కట్టాలి. ఈ లెక్క గట్టిది, బిల్లులు చూపించి అడగొచ్చు. కానీ పైపు నీళ్లిస్తుంది, కోనేరును ఇవ్వదు. వచ్చేది కనీస ధరేనని తెలిసి వాడుకుంటే మంచిదే.

రెండోది, జనం అక్కడికి రావడానికి పెట్టే ప్రయాణ ఖర్చు. 1947లో ఆర్థికవేత్త హెరాల్డ్ హోటలింగ్ అమెరికా జాతీయ పార్కుల శాఖకు రాసిన ఉత్తరంలో సూచించిన ఆలోచన ఇది. మహానందికి దూరాల నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ల టికెట్టు, పోగొట్టుకున్న కూలి, సత్రం ఖర్చు కూడితే గుడికి ఒక విలువ వస్తుంది. వినడానికి బాగుంది. మరి పక్క వీధి నుంచి రోజూ చెప్పుల్లేకుండా నడిచి వచ్చే ముసలమ్మ సంగతి? ఆమె టికెట్టు కొనలేదు కాబట్టి ఆమె పేరిట వచ్చేది సున్నా. ఆ నీళ్లతో అందరికంటే ఎక్కువ అనుబంధం ఉన్న మనిషికి అందరికంటే తక్కువ విలువ కట్టే పద్ధతిని ఒంటరిగా వాడటానికి నేను ఒప్పుకోను.

భూముల ధర ఎంత పడిపోయిందో చూసే పద్ధతి నగరాల్లో పనికొస్తుంది. ఎకరం ధర ముందే అడుగంటిన మెట్ట నేలల్లో దానికి దొరికేదేమీ ఉండదు.

మిగిలింది, మనుషుల్నే అడగడం. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి, రెండింటికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. 'ఈ ఊట నిలవడానికి నువ్వెంత ఇస్తావు?' అన్నది ఒకటి. 'ఈ ఊట పోతే నీకెంత ఇవ్వాలి?' అన్నది రెండోది. ఇచ్చే మొత్తం కంటే అడిగే మొత్తం బాగా ఎక్కువ వస్తుందని దశాబ్దాలుగా సర్వేలు చూపుతున్నాయి. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికాక, ఇలాంటి నష్టాన్ని సర్వేలతో లెక్కగట్టడంపై ఆర్థికవేత్తలు కెన్నెత్ ఆరో, రాబర్ట్ సోలో నాయకత్వంలోని నిపుణుల బృందం 1993లో మొదటి ప్రశ్నే వాడమంది. అంకె పెరిగిపోకుండా జాగ్రత్తగా ఉంటుందన్నది వాళ్ల వాదన.

ఒకసారి తాడిపత్రిలో, బుగ్గ రామలింగేశ్వరుడి గుడి బయట టీ తాగుతూ, పక్కన కూర్చున్న ఒక పెద్దాయన్ను ఊరికే ఆ మొదటి ప్రశ్న అడిగాను. లింగం అడుగున ఊరే బుగ్గ నీళ్లే పోతే, ఆపడానికి ఏమిస్తావు పెద్దాయనా అని. ఆయన గ్లాసు కింద పెట్టి నా మొహం చూశాడు. "నేనేంటికి ఇయ్యల్లప్పా? తీస్కపోయేటోడు గదా ఇయ్యాల్సింది!" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో హక్కు ఉంది. మొదటి ప్రశ్న, ఊట ఇంకొకరిదనీ మనం దాన్ని కొనుక్కోవాలనీ ముందే తేల్చేస్తుంది. పైగా జేబులో ఉన్నంతే నోటి నుంచి వస్తుంది. వేరుశనగ ఎండిపోయిన ఏడాది అడిగితే రైతు ఎంతంటాడు? రైతు పేదవాడైతే ఊట కూడా చవకైపోతుంది. ఆరో, సోలోలంత వాళ్లు చెప్పినా, మన ప్రాంతంలో రెండో ప్రశ్నే మేలని నా గట్టి నమ్మకం. అంకె పెద్దదొస్తే రానీ. ఎంతిచ్చినా వద్దని కొందరు అంటారు. ఆ జవాబును చెల్లనిదని పక్కన పెట్టకుండా, ఆ చోటు వదిలేయాలన్న సూచనగా రాసుకోవాలి.

భూకంపం భయానికి వేరే లెక్క కావాలి. స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో 2006 డిసెంబరులో వేడి బండల్లోకి ఒత్తిడితో నీళ్లు ఎక్కించినప్పుడు 3.4 తీవ్రతతో నేల కదిలింది. పగుళ్లిచ్చిన గోడలకు పరిహారం ఇచ్చారు, ప్రాజెక్టు ఆగిపోయింది. కొరియాలోని పొహాంగ్‌లో 2017లో వచ్చిన 5.4 భూకంపానికి అలాంటి ప్రాజెక్టే కారణమని ప్రభుత్వం వేసిన బృందం తేల్చింది. ఇక్కడ సర్వేలు పనికిరావు. బోరు దించకముందే బ్యాంకులో పూచీకత్తు డబ్బు పెట్టించుకోవడమే మేలు.

మొత్తం మీద నా ఓటు ఇదీ: పొగకు ముందే ప్రకటించిన ఒకే ధర, నీళ్లకు పైపులైన్ ఖర్చు అడుగున పెట్టి దాని మీద 'ఎంత ఇవ్వాలి' అన్న ప్రశ్నకు ఊరి జవాబు, నేల కదలికకు పూచీకత్తు. వీటన్నిటికంటే ముందు, బోరు వేయడానికి కనీసం ఒక ఏడాది ముందు నుంచీ నెల నెలా ఊట మట్టం కొలిచి కోనేటి మెట్టు మీద గీత గీయాలి. ఆ గీత లేకపోతే ఏ పద్ధతికీ నిలబడటానికి చోటుండదు.

మా ఊళ్లో మా తాత తవ్వించిన బావికి అలాంటి గీత ఎవరూ గీయలేదు. చుట్టూ బోర్లు పడ్డాక అది ఎండిపోయింది. ఏ ఏడాది ఎండింది అని అడిగితే ఇప్పటికీ ఇంట్లో ఒక్కొక్కరం ఒక్కో ఏడాది చెబుతాం.