ఏడాది పొడుగునా నడిచే కేంద్రమా, అవసరానికి తెరిచే కంట్రోల్ రూమా: ఏది మేలు?

జిల్లా వైద్య సిబ్బందికి శిక్షణ ఇచ్చే ప్రతిచోటా నాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. జబ్బు ప్రబలినప్పుడు అన్ని శాఖల పనినీ ఒకచోటి నుంచి నడిపించే ఆరోగ్య అత్యవసర సమన్వయ కేంద్రాన్ని ఎప్పుడూ నడుపుతూ ఉండాలా, అవసరం వచ్చినప్పుడు కలెక్టరేట్‌లో ఒక గది తెరిస్తే చాలదా?

అప్పటికప్పుడు తెరిచే గదిని నేను తీసిపారేయను. ఖర్చు తక్కువ. కలెక్టర్ దగ్గరలోనే ఉంటారు కనుక వాహనాలు, మనుషులు త్వరగా సమకూరుతాయి. కష్టమంతా మొదటి మూడు నాలుగు రోజుల్లోనే ఉంది. నాలుగు శాఖల నుంచి డిప్యుటేషన్‌పై వచ్చినవారికి ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఎవరి జాబితా వారిదే. రోగితో కలిసి తిరిగిన ఒక మనిషికి ముగ్గురు ఫోన్ చేస్తారు, ఇంకొకరికి ఎవరూ చేయరు. నమూనాలు ఏ ల్యాబుకు పంపాలో తేల్చే అధికారం ఎవరిదో తేలేసరికి వైరస్ ఇంకో ఇంటికి చేరి ఉంటుంది.

నా దృష్టిలో అసలు విషయం ఇదే: ఆ గదిలో కూర్చునేవారు అంతకుముందు కలిసి పనిచేశారా, లేదా?

నైజీరియా అనుభవం చూడండి. 2014 జులై 20న ఎబోలా సోకిన ప్రయాణికుడొకరు లాగోస్‌లో విమానం దిగాడు. కోటికి మించిన జనం కిక్కిరిసి బతికే నగరం అది. ఎబోలా కోసం కట్టిన కేంద్రమేదీ అక్కడ లేదు. ఉన్నది పోలియో నిర్మూలనకు 2012లో పెట్టుకున్న సమన్వయ కేంద్రం. దాని ఉప సారథికే ఎబోలా బాధ్యత అప్పగించారు. పోలియో పనిలో తర్ఫీదు పొందిన 40 మంది వైద్యులను రంగంలోకి దించారు. ఇల్లిల్లూ తిరగడం, రోజూ సాయంత్రం లెక్క చూసుకోవడం వారికి అప్పటికే అలవాటైన పని. 20 కేసులు, 8 మరణాలతో వ్యాధి ఆగిపోయింది. అక్టోబరు 20న ప్రపంచ ఆరోగ్య సంస్థ నైజీరియాను ఎబోలా రహితంగా ప్రకటించింది.

ముందు అనుభవమే లేని కేరళ మాటేమిటని అడగవచ్చు. 2018లో కోజికోడ్‌లో నిపా వైరస్ బయటపడేనాటికి ఆ రాష్ట్రానికి ఆ వ్యాధితో పరిచయమే లేదు. 17 మంది ప్రాణాలు పోయినా, రోగులతో కలిసి తిరిగిన రెండు వేలకు పైగా మందిని గుర్తించి కనిపెట్టుకుని ఉండి, వ్యాప్తిని ఆపగలిగింది. అక్కడ అంతకుముందే బలంగా ఉన్నది ప్రాథమిక ఆరోగ్య వ్యవస్థ. మరుసటి ఏడాది ఎర్నాకుళంలో ఒకరికి నిపా సోకినప్పుడు ఆ అనుభవం అక్కరకొచ్చింది. రోగి బతికాడు, వ్యాధి ఇంకెవరికీ పాకలేదు.

శాశ్వత కేంద్రానికి ఉన్న పెద్ద ప్రమాదం పని లేకపోవడం. పని లేని గదిలోంచి మొదట మనుషులు వేరే విధులకు వెళ్లిపోతారు, తరువాత కంప్యూటర్లు పోతాయి. అందుకే ఆ గదికి రోజువారీ పని అప్పగించాలి. డెంగీ, మలేరియా, హాస్టళ్లలో విరేచనాల కేసులు, పల్స్ పోలియో రోజులు ఏ జిల్లాలోనైనా ఉండేవే.

వరదలకు వాడే విపత్తు కంట్రోల్ రూమునే వాడుకోవడం మూడో దారి. ఫోన్లకు, జనరేటరుకు అది పనికొస్తుంది. రోగుల వివరాలు గోప్యంగా ఉంచడానికి పనికిరాదు.

నిధులు కొద్దిగానే ఉంటే, గోడ నిండా కంప్యూటర్ తెరలు బిగించడానికి బదులు, వ్యాధి ఎలా పాకుతోందో పరిశీలించే ఒక ఎపిడెమియాలజిస్టుకు, ఒక డేటా మేనేజరుకు జీతాలివ్వమంటాను. సమాచారం అందిన 120 నిమిషాల్లో కేంద్రం పని మొదలుపెట్టాలన్నది అంతర్జాతీయంగా పెట్టుకున్న లక్ష్యం. మూడు నెలలకొకసారి చెప్పకుండా అర్ధరాత్రి ఫోన్ చేసి, ఎందరు ఎంతసేపట్లో వచ్చారో రాసిపెట్టుకోండి.