మూడేళ్లు వాడాక: మా హెపా వ్యాక్యూమ్ క్లీనర్ సంగతి

మా పాప పాకడం మొదలుపెట్టిన నెలలోనే ఈ హెపా వ్యాక్యూమ్ క్లీనర్‌ని, అంటే అతిసన్నని దుమ్మును కూడా పట్టే ఫిల్టర్ ఉన్న మెషీన్‌ని కొన్నాం. నేలంతా తడిమి ఆ చేతులే నోట్లో పెట్టుకునే వయసు మరి. అంతవరకూ దుమ్మంటే మట్టీ, వెంట్రుకలూ అనే అనుకునేవాణ్ణి. ఒకరోజు పాత సోఫా కుషన్ ఎత్తి చూస్తే అడుగున పసుపుపచ్చటి పొడి. చివికిపోయిన ఫోమ్ అది, వేళ్లతో ముట్టుకుంటే అంటుకుంటోంది. త్వరగా నిప్పంటుకోకుండా పాత ఫోముల్లో కలిపిన రసాయనాలు ఇలాంటి పొడితోనే ఇంట్లోకి వస్తాయి. వాటిలో పెంటా బీడీఈ అనే రకాన్ని 2009లోనే స్టాక్‌హోమ్ ఒప్పందం (ఏళ్లతరబడి నశించని విషరసాయనాలపై దేశాల మధ్య కుదిరినది) నిర్మూలన జాబితాలో చేర్చింది. కానీ అంతకుముందు కొన్న సోఫాలు ఇళ్లలోనే ఉన్నాయి కదా! ఇవి చాలవన్నట్టు వినైల్ ఫ్లోరింగ్ నుంచి ప్లాస్టిక్‌ని మెత్తగా చేయడానికి కలిపే థాలేట్లు, పెచ్చులూడే పాత పెయింట్ నుంచి సీసం.

మెషీన్ పీల్చడంలో వంక పెట్టడానికి లేదు. ఫిల్టర్ హెచ్13 రకం, అంటే పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైన సైజు కణాలను కూడా 99.95 శాతం ఆపాలి. చప్పుడు మాత్రం ఎక్కువ, పాప పడుకుంటే ఆన్ చేసే ప్రశ్నే లేదు.

అసలు తంటా డబ్బా ఖాళీ చేసేటప్పుడు. మొదటి ఏడాది వంటగదిలోనే చెత్తబుట్టలో దులిపేవాణ్ణి. ఓ ఉదయం కిటికీలోంచి పడుతున్న ఎండలో చూస్తే, అరగంట కష్టపడి పోగుచేసిందంతా గాల్లో తేలుతోంది! అప్పటినుంచీ మాస్క్ పెట్టుకుని, బయటికెళ్లి, డబ్బాని కవర్ లోపలికి దించి నెమ్మదిగా వంచుతున్నాను. మళ్లీ కొనాల్సివస్తే సంచి ఉండే మోడలే కొంటాను, మూతి మూసి పారేయొచ్చు.

రెండో ఏడు ఫిల్టర్ తీస్తే, అది కూర్చునే చోట చుట్టూ బూడిదరంగు చార. రబ్బరు వదులై గాలి పక్కనుంచి జారిపోతోందన్నమాట. గాలి ఫిల్టర్‌లోంచి వెళ్లకపోతే ఆ 99.95 ఎందుకు? కాబట్టి కొనేముందు మెషీన్ మొత్తం సీల్ అయి ఉంటుందా అని అడగండి.

ఇంకోమాట. అలమరలు, ఫ్యాన్ రెక్కలు, టీవీ వెనక భాగం దీనికి అందవు. అక్కడ తడిపి పిండిన మైక్రోఫైబర్ గుడ్డే గతి. పొడిగుడ్డతో దులిపితే దుమ్ము చోటు మారుతుందంతే. తినేముందు పాప చేతులు సబ్బుతో కడగడం సరేసరి, నన్నడిగితే మెషీన్ కంటే ముందు అదే.

ఐదుకి మూడున్నర ఇస్తాను. కొత్త ఫిల్టర్ నిన్నే ఆర్డర్ పెట్టాను, ఈసారి రబ్బరుతో సహా.