అనంతపురంలో కారు కొనేవాళ్లకు హెచ్చరిక: కొత్త ఏడాది రేటుకు నిరుటి బండి అంటగడుతున్నారు

డిసెంబరులో బుక్ చేసి జనవరి, ఫిబ్రవరిలో డెలివరీ తీసుకునేవాళ్లు ముఖ్యంగా ఇది చదవండి. షోరూము పేరూ కంపెనీ పేరూ రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. అయినా పేరు తెలియడం కన్నా వాళ్లు చేసిన పద్ధతి తెలియడమే మీకు ఎక్కువ పనికొస్తుంది. ఇదే ఆట ఇంకో షోరూములో ఇంకో లోగో కింద కూడా ఆడొచ్చు.

మా చిన్నాయనకు గార్లదిన్నె దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉంది. ఈసారి కాయకు కాస్త మంచి ధర పలికింది, నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీ ఒకటి తీసుకుందామని డిసెంబరు మొదట్లో బుక్ చేశారు. సంక్రాంతికి బండి ఇంటి ముందర ఉంటుందని మాటిచ్చారు. నెలాఖరుకు ఫోన్ చేసి, "స్టాకు రాలేదు సార్, జనవరిలో కొత్త ఏడాది బండే వస్తుంది, అది మీకే మంచిది" అన్నారు. జనవరి రాగానే ఇంకో ఫోను: కంపెనీ రేట్లు పెంచింది, కొత్త రేటే కట్టాల. ఇందులో కొంత నిజముంది. జనవరిలో ధరలు పెంచడం మన దేశంలో కార్ల కంపెనీలకు ఏటా ఉన్న అలవాటే. బుకింగ్ ఫారం వెనకాల చిన్న అక్షరాల్లో "డెలివరీ నాటి ధరే వర్తిస్తుంది" అని కూడా ఉంది. సరే, 2026 బండి కదా అని చిన్నాయన ఒప్పుకున్నారు.

మొత్తం డబ్బు కట్టకముందే బండి చూపించమని నేను పట్టుబట్టాను. "వాటర్ వాష్ చేయించి డెలివరీ రోజు నీట్‌గా చూపిస్తాం అన్నా" అని రెండు రోజులు సాగదీశారు. చివరకు ఊరి బయట స్టాక్ యార్డుకు తీసుకుపోయారు. ఎండలో వరసగా నిలబెట్టిన బండ్లు, మీద వేలు పెడితే గీత పడేంత ఎర్ర దుమ్ము. టైరు పక్కన గుడ్డతో తుడిచి, మొబైల్ టార్చి వేసి చూశాను. ప్రతి టైరు మీదా కోడిగుడ్డు ఆకారంలో ఒక చిన్న గడి ఉంటుంది, అందులో నాలుగు అంకెలు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఈ బండికి 2725 అని ఉంది. అంటే 2025లో 27వ వారం, జూలై మొదట్లో తయారైన టైరు. నాలుగు చక్రాలకూ అదే వరస, డిక్కీలో స్టెప్నీకీ అంతే.

టైరు ఒక్కటే రుజువు కాదు. టైరు కారు కన్నా కొన్ని వారాలు పాతదిగా ఉండటం మామూలే. అందుకే కాగితం అడిగాను. ఫారం 21, అంటే సేల్ సర్టిఫికెట్‌లో తయారైన నెల, సంవత్సరం రాసి తీరాల. "అది బిల్లు అయినాకే వస్తాది అన్నా" అన్నాడు ఎగ్జిక్యూటివ్. అయితే ఇన్సూరెన్స్ డ్రాఫ్ట్ కాపీ చూపించమన్నాను. అది ఇచ్చారు. తయారీ సంవత్సరం గడిలో స్పష్టంగా 2025 అని ఉంది. కొత్త ఏడాది బండి అని ఫోన్‌లో చెప్పింది పచ్చి అబద్ధం.

మేనేజరు దగ్గర కూర్చుంటే ఆయన జవాబు ఇదీ: "రిజిస్ట్రేషన్ 2026 అవుతుంది కదా సార్, ఏం ఫరక్ పడదు." చిన్నాయన అప్పటిదాకా నోరు మెదపలేదు. అప్పుడు మాత్రం, "వారం కిందట కోసిన కాయ తెచ్చి ఈ పొద్దు కోసినానంటే మండీలో ఎవురన్నా ఒప్పుకుంటారా అప్పా?" అని అడిగారు. మేనేజరు దగ్గర జవాబు లేదు.

ఫరక్ చాలా పడుతుంది. ఆర్సీ మీద రిజిస్ట్రేషన్ తేదీతో పాటు తయారైన నెల, సంవత్సరం కూడా ఉంటాయి. రేపు అమ్మబోతే సెకండ్‌హ్యాండ్ వ్యాపారి మొదట చూసేది దాన్నే. పైగా ఇదే స్టాకుకు డిసెంబరులో ఇయర్ ఎండ్ డిస్కౌంట్ అని పేపర్లో ప్రకటన ఇచ్చినోళ్లు కూడా వీళ్లే. చిన్నాయన బుక్ చేసింది ఆ నెలలోనే. డిస్కౌంట్ ఇవ్వాల్సిన బండిని దాచిపెట్టి, నెల తిరగ్గానే పెంచిన రేటుకు ఇవ్వబోయారు. పాత స్టాకు అమ్మడం తప్పని నేను అనను. పాతదని చెప్పి, ఆ మేరకు తగ్గించి అమ్మితే కొనమని నేనే చెబుతాను, ఎక్కువ రోజులు తిప్పేవాళ్లకు అది మంచి బేరం. చెప్పకుండా అమ్మడం మోసం.

ఇక కోటేషన్. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటని ఇంజిను ఉన్నవి ఇందులోకి వస్తాయి. అంతకు ముందు సెస్సుతో కలిపి పెట్రోలుకు 29, డీజిలుకు 31 శాతం ఉండేది. అంత పెద్ద తగ్గింపు కొన్నవాడి చేతికి చేరాల. మా కోటేషన్‌లో ఎక్స్ షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్ కింద ఏమున్నాయో చూడండి: హ్యాండ్లింగ్ ఛార్జీ, "ఎసెన్షియల్ కిట్" పేరుతో మ్యాట్లూ మడ్ ఫ్లాపులూ, అడగని కోటింగ్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, షోరూము ఇన్సూరెన్స్. హ్యాండ్లింగ్ ఛార్జీ ప్రభుత్వానికి పోయే డబ్బు కాదు, కట్టనని చెప్పండి. ఇన్సూరెన్స్ బయట తీసుకునే హక్కు మీకు ఉంది. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) తప్పనిసరి అనేది 2018 సెప్టెంబరు నుంచి ఉన్న నిబంధన, అది ఎక్కడ తీసుకున్నా అంతే. బయట ఏజెంటు చెప్పిన ప్రీమియానికీ వీళ్లదానికీ వేలల్లో తేడా వచ్చింది. "బయట తీసుకుంటే క్యాష్‌లెస్ రాదు" అని, అంటే రిపేరు బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీ నేరుగా కట్టదని, భయపెడతారు. అదే ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీ అయితే ఎందుకు రాదో రాసివ్వమని అడగండి, రాసివ్వరు.

పది లక్షలు దాటిన బండికి 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను, కట్టించుకుంటారు. అది నిజంగా కట్టాల్సిందే, కానీ మీ పాన్ మీద జమ అవుతుంది, ఐటీ రిటర్న్ వేస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు. మన రైతుల్లో చాలామంది రిటర్న్ వేయరు, షోరూములో ఎవరూ ఈ మాట చెప్పరు. ఆ డబ్బు అట్లే పోతుంది. పాన్ నంబరు బిల్లులో సరిగ్గా పడిందో లేదో చూసుకోండి.

డీలర్లను ఒక్కళ్లనే అని లాభం లేదు, వాళ్లకు ఈ అవకాశం ఇచ్చింది కంపెనీలే. హోర్డింగు మీద "ప్రారంభ ధర" అని పెద్ద అంకె వేస్తారు. ఆ ధర వేరియంట్ అడిగితే "అది ఆర్డర్ మీద వస్తాది, ఎన్ని నెలలో చెప్పలేం" అంటారు. యార్డులో ఉండేవన్నీ మధ్య రకం, పై రకం. చిన్నాయనకు కావాల్సింది వెనక ఏసీ వెంట్లు, వెనక కెమెరా. మన ఎండాకాలంలో వెనక కూర్చునే పెద్దవాళ్లకు ఆ గాలి అవసరం. కెమెరా కావాలంటే సన్‌రూఫ్ ఉన్న వేరియంట్‌కే పోవాలన్నారు. నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ఆ అద్దానికి డబ్బెందుకు కట్టాల? భద్రతకు, సౌకర్యానికి సంబంధించినవాటిని షోకుతో ముడిపెట్టి అమ్మడం నాకు అస్సలు నచ్చదు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చి, 2019 ఆగస్టులో సెల్టోస్ 9.69 లక్షల ప్రారంభ ధరతో బయటికి వచ్చినప్పుడు మన జిల్లా అంతా గర్వపడింది, నేనూ పడ్డాను. కానీ బండి మన పక్కనే తయారైనా ఆన్ రోడ్ లెక్క దగ్గర మనకు ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు.

ఇంకోటి, ఒకే బండి రెండు పేర్లతో అమ్ముతున్నారని తెలియక బేరం పోగొట్టుకోవద్దు. బాలెనో, గ్లాంజా దాదాపు ఒకటే. ఫ్రాంక్స్, టైజర్ అంతే. ఎర్టిగా, రుమియన్ కూడా. సుజుకీ, టొయోటా ఒప్పందం మీద ఒకరి బండికి ఇంకొకరు లోగో మార్చి అమ్ముతున్నారు. ఒకప్పుడు వారంటీలో తేడా ఉండేది. 2024 జూలైలో మారుతీ కూడా మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు చేసింది కాబట్టి ఆ తేడా కూడా పోయింది. రెండు చోట్లా రాతపూర్వక కోటేషన్ తీసుకుని, ఏది తక్కువైతే అది కొనండి. లోగోకు ఎక్కువ కట్టాల్సిన పని లేదు.

డబ్బు కట్టే ముందు మీకు కేటాయించిన బండి ఛాసిస్ నంబరు, తయారైన నెల వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాసి పంపమనండి. నోటి మాట వద్దు. బండిని యార్డులోనే పగటిపూట చూడండి. డబ్బు షోరూము ఖాతాకే వేయండి, ఎగ్జిక్యూటివ్ ఫోన్‌పేకు ఒక్క రూపాయి కూడా వేయొద్దు. మీ పేరున బిల్లు, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) అయిపోయాక ఎంత అరిచినా బలం ఉండదు, అందుకే వాళ్లు "ఈ రోజే బిల్లు చేసుకుందాం" అని తొందరపెట్టేది.

మేము బండి తీసుకోలేదు. పండక్కి ఇంటి ముందర కారు లేదని చిన్నమ్మ బాధపడింది. బుకింగ్ డబ్బులో క్యాన్సిలేషన్ అని కొంత పట్టుకుని మిగతాది వేశారు. అబద్ధం చెప్పింది వాళ్లు, కోత మాకా? జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం, ఫోన్ కాల్స్ తేదీలు, డ్రాఫ్ట్ పాలసీ, టైరు ఫొటోలు అన్నీ దాచి ఉంచాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాం. యాభై లక్షల లోపు కొనుగోళ్ల కేసులు అక్కడే వేయొచ్చు, కొన్న విలువ పది నుంచి ఇరవై లక్షల మధ్య ఉంటే ఫీజు 400 రూపాయలే.

అనంతపురం, తాడిపత్రి, గుంతకల్లు వైపు ఈ నెల కోటేషన్ తీసుకున్నవాళ్లు ఉంటే, మీ పేరూ ఫోన్ నంబరూ కప్పేసి కింద ఫొటో పెట్టండి. ఏ వరస కట్టాలో, ఏది కొట్టేయించొచ్చో నాకు తెలిసినంత వరకు చెబుతాను.