గ్లూ గన్: పడమటి గుమ్మం ఉన్నవాళ్లకు నా మాట

జిగురు కడ్డీని కరెంటు వేడితో కరిగించి అతికించే గ్లూ గన్ పెట్టె మీద వాట్లు రాస్తారు, వైరు పొడవు రాస్తారు, రెండు కడ్డీలు ఉచితం అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. అతికించాక ఆ జిగురు ఎంత వేడికి మెత్తబడుతుందో మాత్రం ఎక్కడా రాయరు. బెజవాడలో, పడమటి గుమ్మం ఉన్న ఇంట్లో ఉండే నాకు తెలియాల్సింది అదొక్కటే. కొన్నేళ్లుగా దీన్ని వాడుతున్నాను, ఇకముందూ వాడతాను. కానీ ఈ ఒక్క విషయంలో నా కోపం ఇంకా చల్లారలేదు.

నాది 20 వాట్ల చిన్న గన్, సన్న కడ్డీలు పట్టే రకం. అది ఎలా పనిచేస్తుందో అందరికీ తెలిసిందే కాబట్టి ఆ జోలికి పోను. నేను ఎక్కువగా చేసేవి గుమ్మానికి తోరణాలు, గోడకు వేలాడదీసే బొమ్మలు, దేవుడి మందిరానికి అలంకరణలు. సామానుకి పెద్దగా ఖర్చు పెట్టను. పాత పట్టుచీరల అంచులు, టైలరు దగ్గర మిగిలిపోయిన జాకెట్టు పీలికలు, పెళ్లికార్డుల మీది వినాయకుడి బొమ్మలు, జత తప్పిన గాజులు, పాత సామాన్ల కొట్టులో దొరికే ఇత్తడి చిరుగంటలు. ఇంకా కావాలంటే వన్‌టౌన్ వెళ్లి అద్దం బిళ్లలు, పూసలు తెచ్చుకుంటాను.

పట్టుచీర మడతల దగ్గర పిగిలిపోయి కట్టుకోవడానికి పనికిరాకపోయినా అంచు మాత్రం గట్టిగానే ఉంటుంది. స్టీలు గిన్నెల వాళ్లకు వేసే ముందు ఆ అంచు కత్తిరించి పెట్టుకోండి. అయితే అమ్మమ్మల కాలం నాటి చీరైతే కత్తెర పెట్టకముందే ఎవరికైనా చూపించండి. అసలు జరీలో వెండి ఉంటుంది, ఆ వెండి కోసమే పాత చీరలు కొనేవాళ్లున్నారు.

గన్ నాకు మొదట ఎందుకు నచ్చిందో చెప్పాలి. అంచుని మామిడాకు ఆకారంలో కత్తిరించి, వెనక బక్రం అనే గట్టి బట్ట పెట్టి, చుట్టూ కొస లోపలికి మడిచి అతికించాలి. తెల్ల జిగురుతో ఇదే పని చేస్తే ఒక్కో ఆకుకీ బట్టల క్లిప్పులు పెట్టి రాత్రంతా వదిలేయాలి. గన్‌తో అయితే మడిచి వేలితో అలా నొక్కి పట్టుకుంటే చాలు, ఆకు తయారు. మధ్యాహ్నం అందరూ పడుకున్న వేళ కూర్చుంటే పిల్లలు బడినుంచి వచ్చేసరికి గుమ్మానికి సరిపడా ఆకులు అయిపోయేవి. ఒక్క జాగ్రత్త. జిగురు పట్టు మీద కాకుండా బక్రం మీద వేయాలి. నేరుగా పట్టు మీద వేస్తే నేతలోంచి ఇంకి, ముందువైపు నూనె మరకలా నల్లటి మచ్చ కనిపిస్తుంది. థర్మోకోల్ మీద వేడి ఎక్కువగా ఉండే గన్ వాడితే ఏకంగా గుంటే పడుతుంది.

ఇక అసలు సంగతి. మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్ మా ఇంట్లోనే పెట్టుకున్నాం. మే నెలాఖరు, రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలంటారే, అవే. ఆ పిల్ల కోసం ప్రత్యేకంగా ఒక తోరణం చేశాను. ఆకుపచ్చ, మెరూన్ అంచులతో ఆకులు, ఒక్కో ఆకు మధ్యలో అద్దం బిళ్ల, కింద కొసన ఇత్తడి గంట. ముందురోజు సాయంత్రం కడితే వచ్చినవాళ్లంతా దాని కింద నిలబడి ఫోటోలు తీసుకున్నారు. ఎక్కడ కొన్నారని కూడా అడిగారు. నా సంతోషం ఇంతా అంతా కాదు.

మర్నాడు భోజనాలయ్యాక ఎండ పడమటికి తిరిగింది. మా గుమ్మానికి ఇనుప గ్రిల్ తలుపు ఉంది, తోరణం దాని ముందు వేలాడుతోంది. హాల్లో కూర్చున్న మా అత్తయ్య “అమ్మాయ్, గుమ్మం దగ్గర ఏదో రాలుతున్న చప్పుడు, చూడు” అన్నారు. వెళ్లి చూస్తే రెండు గంటలు నేల మీద ఉన్నాయి, మూడోది సగం దూరం జారి ఉంది. దానికీ ఆకుకీ మధ్య జిగురు తీగపాకంలా సన్నగా సాగి, గాలికి అటూ ఇటూ ఊగుతోంది. నేను చూస్తుండగానే ఆ తీగ తెగింది. అద్దం బిళ్లలు కొన్ని చోటు తప్పి కిందికి జారాయి, అవి జారిన దారంతా మెరూన్ పట్టు మీద తెల్లగా జిగురు చార. గ్రిల్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఇంకో గంటలో పేరంటానికి ముత్తయిదువలు రావాలి. టెన్షన్‌తో నా చేతులు ఆడలేదు. పిల్లకి ఆ తోరణం ఎంత నచ్చిందో తెలుసు కాబట్టి ఏడుపు కూడా వచ్చింది.

అత్తయ్య ఏమీ అనలేదు. సూదీ దారం పట్టుకుని కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బొంతలు కుట్టిన చేతులు ఆవిడవి. రాలిన గంటల కొక్కెంలోంచి రెండు పేటల దారం పోనిచ్చి, ఆకు కొసన బక్రంతో కలిపి ముడి వేశారు. “ఇది ఊడదులే, వెళ్లి మొహం కడుక్కో” అన్నారు. ఆ గంటలు ఈ రోజుకీ ఊడలేదు.

తర్వాత అర్థమైంది ఏమిటంటే, ఈ కడ్డీలు ఒక రకం ప్లాస్టిక్. లో-టెంప్ గన్ దాన్ని 120 డిగ్రీల ప్రాంతంలో, హై-టెంప్ గన్ 190 ప్రాంతంలో కరిగిస్తుంది. కానీ పూర్తిగా కరగడానికి చాలా ముందే అది మెత్తబడుతుంది. దానికి బరువు వేలాడుతుంటే మెల్లగా సాగిపోతుంది. టీవీలో 44, 45 అని చెప్పేది నీడలో కొలిచిన వేడి. నేరుగా ఎండ తగిలే ఇనుప గ్రిల్ అంతకన్నా ఎంతో ఎక్కువ కాగుతుంది. గాజు, ఇత్తడి లాంటి నున్నటి వాటికి మామూలు రోజుల్లోనే ఈ జిగురు పట్టు తక్కువ. బట్ట, గోనె, కొబ్బరిచిప్ప లాంటి గరుకు వాటిని మాత్రం బాగా పట్టుకుంటుంది. ఇదంతా పెట్టె మీద రెండు లైన్లలో రాయచ్చు. ఇంత ఎండలున్న చోట అమ్మే సరుకు మీద ఆ మాత్రం సమాచారం ఇవ్వకపోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

ఆ వేసవి తర్వాత పద్ధతి మార్చుకున్నాను. ఆకుల మడతలకు, లేసులకు, పెళ్లికార్డు బొమ్మలకు గన్. వేలాడే ప్రతిదానికీ దారమో, మోటారు వైండింగ్ కొట్టులో దొరికే పాత రాగితీగో. అద్దం బిళ్లలను మాత్రం చుట్టూ కుట్టేస్తున్నాను. జిగురుతో ముందు చోటు కుదుర్చుకుని తర్వాత కుడితే కదలకుండా ఉంటుంది, అక్కడ గన్ చేసే సాయం తక్కువేమీ కాదు. దీనివల్ల పని రెట్టింపైంది. పిల్లలు వచ్చేలోపు తోరణం పూర్తవుతుందని మా అపార్ట్‌మెంట్‌లో చాలామందికి చెప్పాను. అది ఆకుల వరకే. గంటలు, అద్దాలు కుట్టడానికి ఇంకో పూట పడుతుంది.

ఈ గొడవలో నాకు దొరికిన మంచి ఒకటుంది. కరోనా నాటి శానిటైజర్ సీసా ఇంట్లో మిగిలి ఉంటే పారేయకండి. ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ జిగురు అంచున కాస్త వేసి ఆగితే అద్దం మీది, గాజు మీది జిగురు గోటితో ఒలిచినట్టు వచ్చేస్తుంది. అలా పాత బొమ్మల్లోంచి బిళ్లలన్నీ తీసి మళ్లీ వాడుకున్నాను. పట్టు మీది చార మాత్రం దీనితో పోలేదు. నేతలోకి ఇంకినది ఇంకినట్టే ఉంది. ఆ ఆకుల మీద జరీ పువ్వులు కుట్టి కప్పేశాను.

కొనమంటారా అని అడిగేవాళ్లకు నేను ముందు వేసే ప్రశ్న, మీ గుమ్మం ఎటు? మా తోటికోడలి ఇంటికి ఉత్తరం గుమ్మం, పైన బాల్కనీ నీడ. ఆమెకు మొత్తం జిగురుతోనే చేసిచ్చిన తోరణం వేసవులు దాటి చెక్కు చెదరకుండా ఉంది. లోపల గోడకు పెట్టుకునేవే చేస్తారంటే, సూది పట్టే ఓపిక లేదంటే, నిశ్చింతగా కొనుక్కోండి. ఎండ తగిలే గుమ్మమైతే గన్‌తో పాటు గట్టి దారం ఉండ కూడా తెచ్చుకోండి. చిన్నపిల్లలుంటే ముక్కు చల్లారేదాకా గన్ వాళ్లకు అందని చోట పెట్టండి, స్విచ్ తీసేశాక కూడా అది చాలాసేపు కాలుతుంది. నేను మాత్రం వచ్చే దసరాకి మళ్లీ కడ్డీల ప్యాకెట్ కొంటాను, ఆకుల వరకే.